దోమకు ఒక అణా: పేదల జబ్బుల మీద పరిశోధనకు డబ్బు ఎక్కడిది, పని ఎక్కడుంది

(హైదరాబాద్‌లో లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, మెడిసిన్ విద్యార్థుల కోసం ఒక ఆదివారం ఉదయం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చోండి, పర్వాలేదు. చెప్పాల్సింది కాస్త ఎక్కువే ఉంది, అంతసేపు నిలబడితే కాళ్లు లాగుతాయి.

బేగంపేటలో పాత ఎయిర్‌పోర్టు దగ్గర ఒక పాతకాలం భవనం ఉంది. మీలో చాలామంది ఆ దారిన రోజూ పోతూనే ఉంటారు. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు అక్కడ దోమల పొట్టలు కోసి మైక్రోస్కోపు కింద చూస్తూ కూర్చునేవాడు. ఆయన దగ్గర మలేరియాతో పడి ఉన్న ఒక రోగి ఉన్నాడు. పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇస్తానని రాస్ బేరం మాట్లాడుకున్నాడు. పది దోమలు కుట్టాయి. హుసేన్ ఖాన్‌కు పది అణాలు ముట్టాయి. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, ఆ దోమల్లో ఒకదాని పొట్ట గోడలో రాస్‌కు మలేరియా పరాన్నజీవి కనిపించింది. మనిషికి వచ్చే మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందనడానికి అదే తొలి రుజువు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది.

నేను ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నోబెల్ దాకా పోలేదు నా మనసు. ఆ పది అణాల దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్న పని అదే. క్లినికల్ ట్రయల్స్ నడపడం, అంటే కొత్త మందులనూ టీకాలనూ మనుషుల్లో పరీక్షించి చూడడం, వాటికి బడ్జెట్లు వేయడం. ప్రతి బడ్జెట్‌లో ఒక వరస ఉంటుంది: ట్రయల్‌కు వచ్చినవాళ్లకు ప్రయాణ ఖర్చు, ఆ పూట పోయిన కూలి. ఆ వరస నింపేటప్పుడల్లా నాకు హుసేన్ ఖాన్ గుర్తుకొస్తాడు. ఎవరి చెయ్యి, ఎవరి జేబు, ఎవరి జబ్బు? ఈ మూడూ ఒకే మనిషివి కావు మన రంగంలో. ఇవాళ నేను చెప్పేదంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

మందుల కంపెనీ మందు అమ్ముకుని బతకాలి, అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ జబ్బు పడ్డవాడి దగ్గర డబ్బు లేకపోతే ఆ జబ్బుకు మందు ఎవరు కనిపెడతారు? 1975 నుంచి 1999 దాకా పాతికేళ్లలో ప్రపంచ మార్కెట్‌లోకి 1,393 కొత్త మందులు వచ్చాయి. అందులో ఉష్ణమండల జబ్బులకూ టీబీకీ కలిపి వచ్చినవి ఎన్నో తెలుసా? పదహారు. కోట్ల మందికి ఉన్న జబ్బులకు పదహారే.

మా నాయనమ్మకు బోదకాలు ఉండేది. ఎడమకాలు. పెళ్లిళ్లకు పోతే అందరికంటే వెనక కూర్చుని, చీర అంచు పాదం మీదకు లాక్కుని కూర్చునేది. భోజనాలకు లేవమంటే, "మీరు తినిరాండ్రి, నాకు ఆకలైతలేదు" అనేది. పంక్తిలో కాలు కనబడుతుందని. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఆమెకు నిజంగానే ఆకలి ఉండదనుకునేదాన్ని.

ఆ బోదకాలు పురుగును చంపే మాత్ర, డీఈసీ, 1940లలో అమెరికాలో లెడర్లీ కంపెనీ ల్యాబ్‌లో తయారైంది. ఆ పరిశోధన నడిపించినాయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇప్పటికీ బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పోయి తమ కళ్లముందే మింగించేది ఆ మాత్రనే. సుబ్బారావు గారి సంగతి స్కూల్లో చదువుకున్నాను గానీ, ఆ మాత్రకూ మా నాయనమ్మ కాలికీ సంబంధం ఉందని నాకు ఎమ్మెస్సీ రెండో ఏడాది దాకా తెలియదు. ఒక చార్టులో ఆ పేరు చూసి లైబ్రరీలో అలాగే కూర్చుండిపోయాను. కాలు అంతగా వాచకముందే ఆ మాత్ర మా ఊరికి వచ్చి ఉంటే? నన్ను ఈ పనిలోకి లాగింది అదే. మీలో ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. నాయనమ్మ కాలు కాకపోతే మేనమామ టీబీ, చెల్లెలికి వచ్చిన కామెర్లు. దాన్ని మరిచిపోకండి, దానితో పని పడుతుంది. అది తర్వాత చెబుతాను.

మార్కెట్టు వదిలేసిన ఆ ఖాళీలోకి కొన్ని సంస్థలు వచ్చాయి. 1999లో మలేరియా మందుల కోసం ఎంఎంవీ. 2000లో టీబీ అలయన్స్. 2003లో డీఎన్‌డీఐ, అంటే కాలా అజార్, నిద్రజబ్బు లాంటి ఎవరూ పట్టించుకోని జబ్బుల కోసం. దాని వ్యవస్థాపకుల్లో మన ఐసీఎంఆర్, అంటే దేశంలో వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ, కూడా ఒకటి. 2017లో సెపీ వచ్చింది, రాబోయే మహమ్మారులకు టీకాలు ముందే సిద్ధం చేయడానికి. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో భారత ప్రభుత్వం కూడా ఉంది. ఇవి చేసేది ఒకరకంగా దర్జీ పని. బట్ట ఒకరిది, దారం ఒకరిది, మిషన్ ఇంకొకరిది. కొలతలు మాత్రం కట్టుకునేవాళ్లవే ఉండాలి. ప్రభుత్వాల దగ్గరా, గేట్స్ ఫౌండేషన్, వెల్‌కమ్ ట్రస్ట్ లాంటివాళ్ల దగ్గరా డబ్బు తెస్తారు. ల్యాబునూ ఆసుపత్రినీ ఫ్యాక్టరీనీ కలిపి కుడతారు.

ఆ కొలతలకు ఒక పేరుంది, రాసుకోండి: టార్గెట్ ప్రొడక్ట్ ప్రొఫైల్. మేం టీపీపీ అంటాం. మందు ఇంకా పుట్టకముందే ఒక కాగితం మీద రాసుకుంటాం. ఎవరికి ఇస్తాం, ఎన్ని డోసులు, ఎంత వేడికి తట్టుకోవాలి, ఇచ్చేది డాక్టరా నర్సా ఆశా కార్యకర్తా, ధర ఎంత దాటకూడదు. అంటే చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుచుకుంటూ ల్యాబ్‌లోకి రావాలి. మన చదువులో నేర్పేది దీనికి తలకిందులు. ల్యాబ్‌లో మొదలుపెట్టి, పేపరు అచ్చయ్యాక ఆగిపోవడం. ఫండింగ్ దొరకలేదని నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి సమస్య ఇక్కడే ఉంటుంది.

నాకు కూడా ఇది తేలిగ్గా తెలియలేదు. జ్వరాన్ని పరీక్షించే ఒక కిట్టు కోసం మేం నలుగురం కలిసి అప్లికేషన్ పెట్టాం. పద్దెనిమిది పేజీలు. సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ, గ్రాఫులు, అన్నీ. తిప్పి పంపారు. రివ్యూయర్ ఒకరు ఒక్క వాక్యం రాశారు: "మే నెలలో సబ్‌సెంటర్ దగ్గర ఈ కిట్టును రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఎవరు, దేంట్లో ఉంచుతారు?" అంతే. కోపం వచ్చింది నాకు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు బస్సెక్కి ఒక సబ్‌సెంటర్‌కు పోయాను. అక్కడ ఏఎన్ఎం టీకాల బాక్సు తెరిచి చూపించింది. నీలం రంగు వ్యాక్సిన్ క్యారియర్. పొద్దున పీహెచ్‌సీ నుంచి వస్తుంది, సాయంత్రం మళ్లీ అక్కడికే పోవాలి. నాలుగు వైపులా నాలుగు ఐస్ ప్యాకులు. మధ్యలో, ఇదిగో, నా రెండు పిడికిళ్లు పట్టేంత జాగా. అందులోనే పిల్లల టీకాలన్నీ. ఆమె ఒక సీసా తీసి దాని మీదున్న చిన్న గుండ్రటి గుర్తు చూపించింది. ఊదారంగు వలయం, మధ్యలో తెల్ల చదరం. వేడి తగిలేకొద్దీ ఆ చదరం నల్లబడుతుంది. వలయంతో సమానంగా నల్లబడితే ఆ సీసా పారేయాలి. "మేడమ్, నేను ప్రతి సూది ముందూ ఈ తెల్లది చూసుకుంటా. మీ కిట్టుకు ఇసొంటిది ఉందా? పెట్టనీకి జాగా యాడుంది?" అని అడిగింది.

పద్దెనిమిది పేజీల్లో మేం చూడనిది ఆ బాక్సులో ఉంది. వెనక్కొచ్చి రసాయనాలన్నీ ఆరబెట్టి, మామూలు గది వేడిలో నిలిచేటట్టు మార్చడానికి పద్నాలుగు నెలలు పట్టింది. రెండోసారి అప్లికేషన్‌లో మొదటి పేజీలో ఆ బాక్సు గురించే రాశాం. ఈసారి గ్రాంటు వచ్చింది. గ్రాంటు అంటే తెలివికి ఇచ్చే బహుమతి అనుకుంటారు పిల్లలు. డబ్బు ఇచ్చేవాడు అడిగేది, ఇది చివరిదాకా పోతుందా, పోయే దారి వీళ్లకు తెలుసా అని.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. రోటావైరస్ విరేచనాల టీకా రోటావ్యాక్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్‌లో తయారవుతుంది. అందులో వాడే వైరస్ ఎక్కడిదో తెలుసా? 1985, 86 ప్రాంతంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన పిల్లలకు రోటావైరస్ సోకింది, కానీ విరేచనాలు కాలేదు. అది ఎవరో గమనించారు. ఎం.కె. భాన్ గారి బృందం దాని వెంట పడింది. అక్కడి నుంచి టీకా జాతీయ కార్యక్రమంలోకి రావడానికి 2016 దాకా పట్టింది. ముప్పై ఏళ్లు. ఈ ముప్పై ఏళ్లలో ఎన్ని జేబులు! మన బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ఎన్ఐహెచ్, సీడీసీ, స్టాన్‌ఫర్డ్, పాథ్ అనే సంస్థ, గేట్స్ ఫౌండేషన్, ఇంకా కొన్ని దేశాల ప్రభుత్వాలు. చివరి ట్రయల్‌లో 6,799 మంది పసిపిల్లలు, ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో. ప్రభుత్వానికి డోసు ఒక డాలరుకు ఇస్తామని కంపెనీ ముందే మాట ఇచ్చింది. ధర ముందు, టీకా తర్వాత. ఇందాక చెప్పిన కొలత కాగితం అంటే ఇదే.

ఆ 6,799 మంది పిల్లల ఇళ్లకు ఎవరు పోయారు? వారం వారం తలుపు తట్టి, "పాపకు విరేచనాలు అయినయా అమ్మా" అని అడిగినవాళ్లు ఎవరు? విరేచనం నమూనా డబ్బాలో పట్టి, లేబుల్ అంటించి, ఐస్‌లో పెట్టి తెచ్చినవాళ్లు? రాసుకున్న లక్షల అంకెల్లో తప్పులు ఏరినవాళ్లు? టీకా బ్యాచులు ఒకదానికొకటి తేడా లేకుండా చూసినవాళ్లు? అనుమతుల ఫైలు సిద్ధం చేసినవాళ్లు? మీ కెరీర్లు ఇక్కడే ఉన్నాయి. సైంటిస్టు అంటే పైపెట్ పట్టుకున్న మనిషి ఒక్కడే మన కళ్లకు కనబడతాడు. నిజానికి ఒక టీకా వెనక పైపెట్ పట్టుకున్నవాళ్లకంటే పట్టుకోనివాళ్లే చాలా ఎక్కువ.

క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ ఉద్యోగం గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే నేను మొదలుపెట్టింది అక్కడే. బీఎస్సీ, బీఫార్మసీ, నర్సింగ్, ఏది చదివినా ఇందులోకి రావచ్చు. మొదట్లో జీతం గొప్పగా ఉండదు. కానీ జబ్బును మనిషిలో చూస్తారు. నా మొదటి నెలలో ఒక ముసలమ్మకు కన్సెంట్ ఫారం, అంటే ట్రయల్‌లో చేరడానికి ఒప్పుకోలు కాగితం, చదివి వినిపించాను. తెలుగులోనే ఉంది, కానీ ఎవరి తెలుగు అది! "యాదృచ్ఛికంగా కేటాయించబడును" అని రాసి ఉంది. ఆమె అంతా విని, "నాకు మందు ఇస్తరా ఇయ్యరా, అది చెప్పు బిడ్డా" అంది. నేను ఫారం పక్కన పెట్టి, "చీటీలు వేసినట్టు వేస్తాం అవ్వా. ఒక చీటీ వస్తే కొత్త మందు, ఇంకో చీటీ వస్తే ఇప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే మందే. ఏ చీటీ వచ్చిందో నాకూ తెలియదు, నీకూ తెలియదు. వద్దనుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చు, నీ వైద్యం ఆగదు" అని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "రేపు కొడుకును అడిగి చెప్త" అని పోయింది. మర్నాడు వచ్చి వేలిముద్ర వేసింది. కన్సెంట్ అంటే అదీ. మంచి తెలుగులో కన్సెంట్ ఫారం రాయగలిగినవాళ్లు మాకు దొరకడం లేదు. ఇది కూడా ఒక పనే. భాష మీద ప్రేమ ఉన్నవాళ్లు దీన్ని చిన్నచూపు చూడకండి.

లెక్కలు బాగా వచ్చినవాళ్లు బయోస్టాటిస్టిక్స్ వైపు చూడండి. నేను చూసినంతలో కొరత అన్నింటికంటే ఎక్కువ అక్కడే ఉంది. ట్రయల్ ఎంతమందితో చేయాలో లెక్క తప్పితే ఎన్ని కోట్లు పెట్టినా ఏమీ తేలదు. ఫార్మసీవాళ్లకు రెగ్యులేటరీ అఫైర్స్ (అనుమతుల పని), క్వాలిటీ, ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా) ఎలాగూ తెలిసినవే. ఒక్కటే చెబుతాను: డబ్ల్యూహెచ్ఓ ప్రీక్వాలిఫికేషన్, అంటే నాణ్యత చూసి ఆ సంస్థ వేసే ముద్ర, దాని ఫైలు ఎలా తయారవుతుందో నేర్చుకోండి. ఆ ముద్ర లేకపోతే యూనిసెఫ్ మన టీకా కొనదు, ఆఫ్రికాకు పోదు. జీనోమ్ వ్యాలీలో ఆ పని తెలిసిన మనిషికి చాలా గిరాకీ ఉంది. డాక్టర్లకూ, పబ్లిక్ హెల్త్ ఇష్టమున్న ఇతరులకూ మన ఊళ్లోనే ఐఐపీహెచ్‌లోనూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ, ఉంది. పోషకాహారం వైపు మనసుంటే తార్నాకలో ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది.

గ్రాంట్స్ మేనేజర్ అనే ఉద్యోగం గురించి మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ఇద్దరు. చూశారా. గ్రాంటు వచ్చాక దాన్ని నడపడానికి ఒక మనిషి కావాలి. మ్యాన్‌పవర్, కన్సూమబుల్స్, ట్రావెల్, కంటింజెన్సీ, ఓవర్‌హెడ్స్, దేని కింద ఎంత ఖర్చు పెట్టాలి, ఏడాది చివర యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఎలా పంపాలి. యూసీ అంటాం. ఆ యూసీ ఆలస్యమైతే మరుసటి ఏడాది డబ్బు రాదు. డబ్బు రాకపోతే ప్రాజెక్టు పిల్లలకు జీతం ఆగుతుంది. నాకు కూడా ఒక చోట ఐదు నెలలు జీతం ఆగింది. ఇంటి అద్దె కోసం చెవి కమ్మలు కుదువ పెట్టాను. సైన్స్ బాగానే నడుస్తోంది, సైంటిస్టులు మంచివాళ్లే, కాగితం ఒక్కటే కదల్లేదు. అందుకే చెబుతున్నాను, కాగితం కదిలించే మనిషి కూడా రీసెర్చ్ మనిషే. ప్రాజెక్టు పోస్టులో చేరేముందు ధైర్యంగా అడగండి: డబ్బు ఎన్ని నెలలకు మంజూరైంది, పోయిన ఏడాది యూసీ వెళ్లిందా అని. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఇక డబ్బు. ఎక్కడ అడగాలి?

చదువు దశలో ఉన్నవాళ్లు: ఎంబీబీఎస్, బీడీఎస్ పిల్లలకు ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. రెండు నెలల చిన్న పరిశోధన. డబ్బు కోసం కాదు, ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా మోయడం ఎలాగో తెలుస్తుంది, దానికోసం చేయండి. పీహెచ్‌డీ వైపు పోయేవాళ్లకు సీఎస్ఐఆర్ నెట్, ఐసీఎంఆర్, డీబీటీ (బయోటెక్నాలజీ శాఖ) జేఆర్ఎఫ్‌లు, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్పులు. ఎస్ఆర్ఎఫ్ దాని తర్వాతి మెట్టు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ 42,000, ఇంటద్దె భత్యం వేరు. ఇంట్లో అమ్మానాన్నలకు ఈ అంకె చెప్పండి. పీహెచ్‌డీ అంటే ఇంకా ఐదేళ్లు ఫీజులు కట్టాలనుకుంటారు చాలామంది.

పీహెచ్‌డీ అయ్యాక, లేదా ఎండీ అయ్యాక, ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు. మన బయోటెక్నాలజీ శాఖ, లండన్ వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి పెట్టినది. దాని ఆఫీసు ఎక్కడో కాదు, మన బంజారాహిల్స్‌లో ఉంది. ఐదేళ్ల పాటు జీతంతో సహా ఇస్తారు. డాక్టర్లకు, పబ్లిక్ హెల్త్ వాళ్లకు విడిగా ఒక దారి ఉంది, దానికి పీహెచ్‌డీ ఉండి తీరాలని లేదు. ఇది జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసే మన డాక్టర్లకు తెలియదు. పెద్ద ఊళ్లవాళ్లే అప్లై చేస్తున్నారు. మీ సీనియర్లు ఎవరైనా జిల్లాల్లో ఉంటే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

సొంతంగా ఏదైనా తయారు చేయాలనుకునేవాళ్లకు బయోటెక్నాలజీ శాఖ కిందున్న బైరాక్ సంస్థవాళ్ల బిగ్ గ్రాంటు. 50 లక్షల దాకా, 18 నెలలకు. జనవరి 1న, జులై 1న పిలుపు వస్తుంది. ఆలోచన గట్టిదైతే కంపెనీ పెట్టకముందు ఒక వ్యక్తిగా కూడా అడగొచ్చు. తుర్కపల్లిలో ఉన్న ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఈ గ్రాంటు నడిపే భాగస్వాముల్లో ఒకటి, అక్కడికే పోయి మాట్లాడొచ్చు. గేట్స్ ఫౌండేషన్ గ్రాండ్ చాలెంజెస్ కూడా ఉన్నాయి. 2008లో వాళ్లు రెండు పేజీల అప్లికేషన్‌కు లక్ష డాలర్లు ఇచ్చే పద్ధతి పెట్టారు. రెండు పేజీలు అంటే సులువనుకోకండి. పద్దెనిమిది రాసిన నేను చెబుతున్నాను, రెండు రాయడమే కష్టం. వాళ్ల భారతీయ కార్యక్రమం, గ్రాండ్ చాలెంజెస్ ఇండియా, బైరాక్ ద్వారానే నడుస్తుంది.

బయటి దేశం డబ్బు అయితే రెండు సంగతులు ముందే చూసుకోవాలి. మీ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, అంటే విదేశీ డబ్బు తీసుకునే అనుమతి, ఉందా? ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ, హెచ్ఎంఎస్‌సీ, అనుమతికి ఎన్ని నెలలు పడుతుంది? ఎథిక్స్ కమిటీ, సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు పట్టిక) రిజిస్ట్రేషన్ వీటికి అదనం. ఇవన్నీ టైమ్‌లైన్‌లో వేయకుండా "మొదటి నెల: శాంపిల్స్ సేకరణ" అని రాస్తే, చదివేవాళ్లకు మీరు కొత్తవాళ్లని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి, దాచితే మీకు అన్యాయం చేసినట్టు. 2025లో ఈ రంగం కింద నేల కదిలింది. అమెరికా యూఎస్ఎయిడ్‌ను మూసేసింది. డబ్ల్యూహెచ్ఓ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. బ్రిటన్ కూడా విదేశీ సాయం తగ్గించింది. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు కూడా ఒక్క ఈమెయిల్‌తో ఉద్యోగం పోయింది. నాకు బాగా దగ్గరివాళ్లే ఉన్నారు అందులో. టీబీ ఇంటి సర్వేలు మధ్యలో ఆగాయి. ఆగిన చోట మనుషులు ఉన్నారు కదా, వాళ్లకు ఎవరు చెప్పాలి? గేట్స్ ఫౌండేషన్ కూడా 2045తో తలుపు మూస్తానంది, ఈలోగా 200 బిలియన్ డాలర్లు ఖర్చుపెడతానని చెప్పింది. అంటే మీరు ఉద్యోగంలో ఉండగానే ఆ తలుపు మూసుకుంటుంది. అందుకని ఒకే జేబు మీద ఆధారపడి కెరీర్ కట్టుకోకండి. బయటి నిధులు వస్తాయి, పోతాయి. ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ శాఖ, ఇప్పుడు కొత్తగా వచ్చిన జాతీయ పరిశోధన నిధి సంస్థ ఏఎన్ఆర్ఎఫ్, ఇవి మన పన్నుల డబ్బు. ఇవి పెరగాలని అడగడం కూడా మన పనే. ఆ మాట నేను ఏ వేదిక మీదైనా అంటాను.

అదే 2025లో, సెప్టెంబరులో, ఇంకో వార్త వచ్చింది. హెచ్ఐవీ సోకకుండా ఆపే లెనకాపవిర్ అనే ఇంజెక్షన్ ఉంది. ఆరు నెలలకోసారి వేయించుకుంటే చాలు. అమెరికాలో దాని ధర ఏడాదికి వేల డాలర్లు. దాన్ని 120 దేశాలకు ఏడాదికి 40 డాలర్లకు, 2027 నుంచి అందిస్తామని రెండు ఒప్పందాలు కుదిరాయి. తయారుచేసే కంపెనీలు ఒకటి డాక్టర్ రెడ్డీస్, ఇంకోటి హెటిరో. రెండూ ఈ ఊరివే. 2017లో మూడు హెచ్ఐవీ మందులు కలిసిన టీఎల్‌డీ మాత్రకు మనిషికి ఏడాదికి 75 డాలర్ల ధర కుదిరినప్పుడు కూడా అంతే, తయారీదారుల్లో అరబిందో ఉంది. అంతకుముందు, హెపటైటిస్ బి టీకా విదేశాల నుంచి వందల రూపాయలకు వచ్చే రోజుల్లో, వరప్రసాద్ రెడ్డి గారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. అప్పుల కోసం తిరిగితే ఇక్కడ దొరకలేదు, ఒమన్ నుంచి పెట్టుబడి వచ్చింది. 1997లో టీకా బయటికొచ్చి ధరలు కిందికి దిగాయి. ఇప్పుడు పుట్టిన పాపకు మొదటిరోజే ఆ టీకా వేస్తున్నాం, ఎవరూ ధర అడగరు. నలభై డాలర్లు అన్న అంకె ఊరికే రాలేదు. ఏ రసాయనం ఎక్కడ చౌకగా చేయొచ్చో, ఏ స్టెప్పు తీసేయొచ్చో ఏళ్ల తరబడి కూర్చుని లెక్క కట్టిన ప్రాసెస్ కెమిస్టులు ఉన్నారు. మీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీవాళ్లు, "మాకు బయాలజీ రాదు, గ్లోబల్ హెల్త్ మాకెందుకు" అనుకుంటున్నారేమో. ఆ నలభై డాలర్ల లెక్క మీ పనే.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ అమ్మాయి, పచ్చ డ్రెస్సు, చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: మేడమ్, మాది తెలుగు మీడియం. ఇంగ్లిష్‌లో ప్రపోజల్ రాయాలంటే టెన్షన్. మాలాంటివాళ్లకు వస్తుందా?)

నాదీ తెలుగు మీడియమేనమ్మా, పదో తరగతి దాకా. ముందు తెలుగులో రాయి. నిజంగానే చెబుతున్నాను. ఎవరికి జబ్బు, ఇప్పుడు ఏం చేస్తున్నారు, అది ఎందుకు సరిపోవడం లేదు, నువ్వు ఏం చేస్తావు, అది వాళ్ల దగ్గరికి ఎలా చేరుతుంది. మీ అమ్మకు చదివి వినిపించు. ఆమెకు అర్థం కాకపోతే ప్రశ్నే ఇంకా తేలలేదని అర్థం. తేలాక ఇంగ్లిష్‌లోకి మార్చడానికి ఎవరైనా సాయం చేస్తారు. ఇంగ్లిష్ బాగుండి ప్రశ్న లేని అప్లికేషన్లు నేను కమిటీలో కూర్చుని వందల కొద్దీ చదివాను. వాటికి ఎవరూ సాయం చేయలేరు. ఇందాక మీ ఇంట్లో జబ్బును మరిచిపోకండి, దానితో పని పడుతుందన్నాను కదా, ఇదిగో, ఇక్కడే పడేది. మొదటి పేరా అక్కడి నుంచే వస్తుంది.

(ఒక విద్యార్థి: మేడమ్, ఫారిన్ పోయి చేయడం మంచిదా, ఇక్కడే ఉండడమా?)

వెళ్లే అవకాశం వస్తే వెళ్లు బాబూ. సుబ్బారావు గారు వెళ్లకపోతే ఆ మాత్ర ఉండేది కాదు. కానీ ఏ జబ్బు మీద పనిచేస్తావో ఇక్కడ తేల్చుకుని వెళ్లు. పోయేముందు ఒక నెల ఏదైనా పీహెచ్‌సీలో కూర్చో. ఓపీ చీటీలు రాసే దగ్గర కూర్చున్నా చాలు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఎవరెవరు దేనికి వస్తున్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. అక్కడి ల్యాబ్‌లో నీ పక్కన కూర్చున్నవాళ్లకు అన్నీ ఉంటాయి గానీ ఆ నోట్‌బుక్ ఉండదు.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్క మాట. బయట టేబుల్ మీద తెల్ల కాగితాలు పెట్టించాను. ఒక్కో పేజీ తీసుకోండి. ఇందాక ఆ అమ్మాయికి చెప్పిన ఐదు సంగతులు, ఒకే పేజీలో, తెలుగులోనైనా సరే, రాసి వచ్చే శనివారం లోపు ఇక్కడి ఆఫీసులో ఇవ్వండి. నేనూ, నాతో పనిచేసే ఇద్దరూ కూర్చుని ప్రతి పేజీ చదువుతాం, పక్కన పెన్నుతో రాసి తిరిగి ఇస్తాం. జులై పిలుపుకు పెట్టగలిగేవి ఏమైనా ఉంటే ఆ పిల్లలతో విడిగా కూర్చుంటాం. పేజీ పైన పేరు, ఏ కాలేజీ, ఏ ఏడాది రాయండి. టీ బయటే ఉంది.